పని మిగిలి ఉండగానే ఆగడం: క్రైస్తవ జీవితంలో విశ్రాంతి

నిర్గమకాండము 34వ అధ్యాయం 21వ వచనంలో ఒక చిన్న మాట ఉంది. విశ్రాంతి దినం గురించి మాట్లాడేటప్పుడు అది చాలాసార్లు పక్కన పడిపోతుంది. ఆరు రోజులు పని చేసి ఏడో రోజు ఆగాలి, దున్నే కాలమైనా కోసే కాలమైనా సరే ఆగాల్సిందే అంటుంది ఆ వచనం. సేద్యం తెలిసినవాళ్లకు ఇదెంత కష్టమైన మాటో వెంటనే అర్థమవుతుంది. నేలలో పదును ఉండగా దున్నకపోతే అదును పోతుంది. పండిన చేను కోయకపోతే గింజ రాలిపోతుంది, వానొస్తే తడిసిపోతుంది. పని లేని రోజుల్లో ఆగమంటే ఎవరైనా ఆగుతారు. పని నెత్తి మీద ఉన్నప్పుడు ఆగమంటోంది ఈ ఆజ్ఞ.

మన లెక్క వేరు. ముందు పని, ఆ తర్వాతే విశ్రాంతి. అన్నీ పూర్తయ్యాక, ఎవరికీ ఏ బాకీ లేనప్పుడు, మనసులో ఏ టెన్షనూ లేనప్పుడు తీరిగ్గా కూర్చుందాం అనుకుంటాం. అలాంటి రోజు ఎవరికీ రాదు. బైబిలు విశ్రాంతిని ఆ లెక్కలో పెట్టదు. పని ముగించినందుకు ఇచ్చే కూలిగా దాన్ని చూడదు. పని మిగిలి ఉండగానే చేతులు దించి, మిగిలినది దేవుని చేతిలో ఉందని ఒప్పుకోవడమే అక్కడ విశ్రాంతి. సంఘంలో నిలబడి విశ్వాస ప్రమాణం నోటితో చెబుతాం. ఆగిపోయినప్పుడు అదే ప్రమాణాన్ని ఒంటితో చెబుతాం. అందుకే విశ్రాంతి ఆరోగ్యానికి మంచిదన్న మాట నిజమే అయినా, అంతకన్నా ముందు అది విశ్వాసానికి సంబంధించిన విషయం.

రోజు సాయంత్రంతో మొదలవుతుంది

ఆదికాండము మొదటి అధ్యాయంలో పల్లవిలా తిరిగి వచ్చే వాక్యాన్ని గమనించాలి. "అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను." ముందు అస్తమయం, తర్వాత ఉదయం. యూదులు ఇప్పటికీ తమ విశ్రాంతి దినాన్ని శుక్రవారం సూర్యాస్తమయంతోనే మొదలుపెడతారు. ఈ లెక్కన మనిషి రోజు నిద్రతో మొదలవుతుంది. అతను కళ్లు తెరిచేసరికి సగం రోజు గడిచిపోయి ఉంటుంది, అతని ప్రమేయం లేకుండానే. మొక్క పెరిగింది, గాయం మానింది, లోకం నడిచింది. పొద్దున్నే లేచి అతను పనిలోకి దిగడమంటే, దేవుడు అప్పటికే చేస్తున్న పనిలో వెళ్లి కలవడం.

మనిషి సృష్టి జరిగింది ఆరో రోజున. ఆ మరుసటి రోజే దేవుని విశ్రాంతి దినం. అంటే ఆదాముకు దక్కిన మొదటి పూర్తి రోజు పని రోజు కాదు. తోటలో ఒక్క కలుపు మొక్క కూడా పీకకముందే అతనికి విశ్రాంతి దొరికింది. సంపాదించుకోకుండా దొరికింది. కృప అనే మాటకు ఇంతకన్నా పాత చిత్రం బైబిల్లో లేదనిపిస్తుంది.

దేవుడు అలసిపోయి ఆగాడా అంటే కాదు. "ఆయన సొమ్మసిల్లడు అలయడు" అని యెషయా గ్రంథం చెబుతుంది. విశ్రాంతి దినానికి హెబ్రీ భాషలో వాడే 'సబ్బాతు' అనే మాటకు మూలమైన క్రియకు ఆగిపోవడం, మానేయడం అని అర్థం. చేసినదాన్ని చూసి 'చాలు, బాగుంది' అనుకుని ఆగడం అది. బైబిల్లో మొట్టమొదట పరిశుద్ధపరచబడినది కూడా ఒక కొండో, గుడో, వస్తువో కాదు. ఒక రోజు. కాలంలో ఒక ముక్క. ఇంకో విశేషం, మిగతా ఆరు రోజులకూ ఉన్న 'అస్తమయమును ఉదయమును' అనే వాక్యం ఏడో రోజుకు లేదు. ఆ రోజు ముగిసినట్టు రాయలేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం దేవుడు ఏడో దినమున విశ్రమించిన మాటను గుర్తుచేసి, "దేవుని ప్రజలకు విశ్రాంతి నిలిచియున్నది" అంటుంది. తలుపు ఇంకా తెరిచే ఉందన్నమాట.

ఇటుకల లెక్క, మన్నా లెక్క

విశ్రాంతిని నేర్చుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే ఇశ్రాయేలీయుల కథలో నిర్గమకాండము 5, 16 అధ్యాయాలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఐదో అధ్యాయంలో వాళ్లను బానిసలుగా పెట్టుకున్న ఐగుప్తు రాజు ఫరో ఉన్నాడు. దేవుణ్ని ఆరాధించడానికి కొన్ని రోజులు సెలవిమ్మని అడిగితే, గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. "మీరు సోమరులు" అని రెండేసి సార్లు తిట్టాడు. మనిషి విలువను అతను చేసిన ఇటుకలతో కొలవడం ఫరో పద్ధతి. ఆగాలనుకున్నవాడికి సోమరి అని పేరు పెట్టడం కూడా ఆ పద్ధతిలో భాగమే.

పదహారో అధ్యాయానికి వాళ్లు ఎడారిలో ఉన్నారు. పొద్దున్నే మంచు ఆరాక నేల మీద సన్నని పొలుసుల్లాంటిది కనిపించింది. దేవుడిచ్చిన ఆ ఆహారమే మన్నా. మనిషికి ఒక ఓమెరు (అప్పటి ఒక కొలత) చొప్పున ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మర్నాటికి మిగల్చకూడదు. కొందరు మిగిల్చారు. తెల్లారేసరికి పురుగు పట్టి కంపు కొట్టింది. దాచుకున్నవాళ్లను అత్యాశపరులు అనడానికి మనసు ఒప్పదు. పుట్టినప్పటి నుంచి బానిసత్వంలో బతికినవాళ్లు వాళ్లు. రేపు దొరుకుతుందో లేదో అన్న భయం వాళ్లతో పాటే ఎర్ర సముద్రం దాటి వచ్చింది. ఆరో రోజున మాత్రం మనిషికి రెండు ఓమెరులు దొరికాయి. దాన్ని దాచితే కంపు కొట్టలేదు, పురుగు పట్టలేదు. అయినా ఏడో రోజున కొందరు మళ్లీ ఏరుకోవడానికి బయటికి వెళ్లారు. ఏమీ దొరకలేదు. సీనాయి కొండ మీద పది ఆజ్ఞలు ఇవ్వకముందే జరిగింది ఇది. రాతి పలకల మీద చదువుకోకముందే, విశ్రాంతిని వాళ్లు కడుపుతో నేర్చుకోవాల్సి వచ్చింది.

ఐగుప్తు నుంచి ఒక్క రాత్రిలో బయటపడ్డారు. ఆ ఇటుకల లెక్క మనసులోంచి పోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది. నేటి విశ్వాసిలోనూ ఆ లెక్క బతికే ఉంటుంది. ఖాళీగా కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించడం, ఎవరైనా చూస్తే బిజీగా ఉన్నట్టు కనిపించాలనుకోవడం, 'ఈ రోజు ఏం సాధించాను' అన్న ప్రశ్నకు జవాబు లేకపోతే నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ ఆ పాత యజమాని గొంతులే.

ఆగలేనివాళ్ల సంగతి

విశ్రాంతి దిన ఆజ్ఞ బైబిల్లో రెండు చోట్ల పూర్తిగా కనిపిస్తుంది. కారణాలు మాత్రం వేరు. నిర్గమకాండము 20లో సృష్టి కారణం. ద్వితీయోపదేశకాండము 5లో ఐగుప్తు కారణం: నువ్వు దాసుడిగా ఉన్నావు, నిన్ను బయటికి తెచ్చాను, అది మరిచిపోవద్దు. రెండు చోట్లా ఒక జాబితా ఉంది. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువులు, నీ ఊళ్లో ఉన్న పరదేశి. ఈ జాబితా చదివితే ఆజ్ఞ ఎవరితో మాట్లాడుతోందో తెలుస్తుంది. ఎదుటివాళ్లను ఆపగలిగే అధికారం ఉన్నవాడితో.

దీన్ని చాలా బోధలు దాటేస్తాయి. ఒక రోజు మానేస్తే ఆ రోజు కూలి పోయే మనిషికి 'విశ్రాంతి తీసుకో, దేవుని మీద నమ్మకం ఉంచు' అని చెప్పడం తేలిక. ఆజ్ఞ అతనికన్నా ముందు అతని యజమాని తలుపు తడుతోంది. జీతం కోయకుండా సెలవు ఇస్తున్నావా, ఆ రోజు ఫోన్ చేసి పని చెప్పకుండా ఉండగలవా అని అడుగుతోంది. నిర్గమకాండము 23:12 మరీ సూటిగా, ఎద్దు, గాడిద, దాసి కొడుకు, పరదేశి సేద తీరడం కోసమే నువ్వు ఆగాలంటుంది. అక్కడ వాడిన హెబ్రీ క్రియకు ఊపిరి పీల్చుకోవడమనే అర్థం ఉంది. నువ్వు ఆగితేనే నీ కింద ఉన్నవాళ్లకు ఊపిరి ఆడుతుంది.

ఆ జాబితాలో భార్య పేరు విడిగా లేదు. 'నువ్వు' అన్న మాటలోనే ఆమె కూడా ఉందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. అది సరైన మాటే అనిపిస్తుంది. కానీ ఆచరణలో ఏం జరుగుతోంది? ఆరాధన నుంచి వచ్చి ఇంటిల్లిపాదీ నడుం వాలుస్తారు, ఒక్కరు మాత్రం వంటగదిలో గిన్నెల ముందు నిలబడి ఉంటారు. ఇంట్లో ఒకరి విశ్రాంతి ఇంకొకరి అదనపు పని మీద నడుస్తుంటే, దానికి సబ్బాతు అని పేరు పెట్టలేం.

విశ్రాంతి ఒంటరిగా నిలిచేది కాదనడానికి చరిత్రలోనూ ఒక సాక్ష్యం ఉంది. సోవియట్ యూనియన్‌లో 1929లో ఏడు రోజుల వారాన్ని తీసేసి, కార్మికులను ఐదు గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుకు ఒక్కో రోజు సెలవు ఇచ్చారు. యంత్రాలు ఆగకూడదన్నది ఒక ఉద్దేశం, ఆదివారం ఆరాధనకు చోటు లేకుండా చేయడం మరొకటి. లెక్క ప్రకారం సెలవులు తగ్గలేదు, ఐదు రోజులకు ఒకటి వచ్చేది. కానీ భర్తకు ఒక రోజు, భార్యకు ఇంకో రోజు. కలిసి కూర్చునే రోజు లేకుండా పోయింది. 1940లో మళ్లీ ఏడు రోజుల వారానికే వచ్చారు.

బదరీవృక్షం కింద

అలసిన సేవకుడితో దేవుడు ఎలా వ్యవహరిస్తాడో చూడాలంటే మొదటి రాజులు 19వ అధ్యాయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. కర్మెలు కొండ మీద తన ప్రార్థనకు ఆకాశం నుంచి నిప్పు దిగగా, ప్రవక్త ఏలీయా అంత పెద్ద విజయం చూశాడు. ఆ వెంటనే రాణి యెజెబెలు చంపిస్తానని కబురు పంపింది. ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఎడారిలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని ప్రార్థించాడు. అలాగే పడి నిద్రపోయాడు.

దేవదూత వచ్చి ఏమన్నాడు? విశ్వాసం లేదా అని గద్దించలేదు. నిన్న నిప్పు దిగడం చూశావు కదా, ఇవాళ ఇదేంటి అని నిలదీయలేదు. తట్టి లేపి, లేచి భోజనం చేయమన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దేవదూత దానికీ అడ్డు చెప్పలేదు. రెండోసారి వచ్చి మళ్లీ తట్టి లేపి, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది" అని చెప్పి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దాకా నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచాక గానీ 'ఏలీయా, ఇక్కడ నువ్వేం చేస్తున్నావు' అన్న ప్రశ్న రాలేదు. దేవుని మెల్లని స్వరం వినిపించింది అంతా అయ్యాకే. ముందు నిద్ర, ముందు రొట్టె.

ఈ క్రమం ముఖ్యమైనది. కుంగిపోయిన విశ్వాసికి 'నీ ప్రార్థన తక్కువైంది' అని చెప్పడం చాలా చోట్ల అలవాటైపోయింది. కొన్నిసార్లు తక్కువైంది ప్రార్థన కాదు, నిద్ర. ఇంకొన్నిసార్లు నిద్రతో కూడా తీరనిది ఉంటుంది, దానికి డాక్టరు అవసరం. ఒంటిని పట్టించుకోవడం ఆత్మీయత తగ్గినట్టు కాదని ఆ రొట్టె, ఆ కుండ సాక్ష్యం చెబుతున్నాయి.

పరిచర్యలో ఉన్నవాళ్లకు ఈ అధ్యాయం మరీ అవసరం. ఉపవాస కూటాలు, ఇళ్ల దర్శనాలు, అర్ధరాత్రి వచ్చే ఫోన్లు, ఆదివారం ఉదయం నుంచి రాత్రి దాకా ఆరాధనలు. విశ్రాంతి దినాన్ని గురించి బోధించే మనిషికే ఆ రోజు ఊపిరి ఆడదు. 'ప్రభువు కోసం అరిగిపోవాలి' అన్న మాట వినడానికి బాగుంటుంది. అరిగిపోయిన మనిషి ఇంటికెళ్లి పిల్లల మీద విసుక్కోవడం మాత్రం ఎవరికీ కనిపించదు. కాపరికి వారంలో వేరే ఒక రోజు పూర్తిగా వదిలేయడం సంఘం చేసే దయ కాదు, సంఘం బాధ్యత.

అమరంలో తలగడ

యేసు విశ్రాంతి గురించి సువార్తల్లో రెండు సంగతులు పక్కపక్కన ఉంటాయి. మార్కు నాలుగో అధ్యాయంలో తుపాను లేచి దోనె నీళ్లతో నిండిపోతుంటే ఆయన అమరంలో, అంటే దోనె వెనుక భాగంలో, తలగడ మీద నిద్రపోతున్నాడు. తలగడ అన్న చిన్న వివరాన్ని మార్కు ఒక్కడే రాశాడు. శిష్యులకు అది నిర్లక్ష్యంగా కనిపించింది, మేం నశించిపోతుంటే నీకు చింత లేదా అన్నారు. నిజానికి తండ్రి మీద నమ్మకం ఆ దోనెలో నిద్ర రూపంలో కనిపించింది. "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు" అన్న కీర్తన నిజమైతే, మనిషి కునుకు తీయొచ్చు. ఇద్దరూ మేలుకొని ఉండక్కర్లేదు.

రెండోది ఆరో అధ్యాయంలో. శిష్యులు పరిచర్య నుంచి తిరిగొచ్చారు, జనం రద్దీలో తినడానికి కూడా తీరిక లేదు. "మీరేకాంతముగా అరణ్య ప్రదేశమునకు వచ్చి, కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి" అన్నాడు యేసు. దోనె ఎక్కి బయల్దేరారు. తీరా అక్కడికి చేరేసరికి జనం ముందే పరుగెత్తుకొచ్చి నిలబడి ఉన్నారు. ఆయన విసుక్కోలేదు, కాపరి లేని గొర్రెల్లా ఉన్నారని కనికరపడ్డాడు. ఐదు వేల మంది పురుషులు తిన్నది ఆ రోజే. అంటే విశ్రాంతిని పట్టుబట్టి కాపాడుకునే హక్కులా ఆయన చూడలేదు. అలాగని వదిలేయనూ లేదు. జనం తిన్న వెంటనే శిష్యులను దోనె ఎక్కించి పంపేశాడు, జనాన్ని సాగనంపాడు, తాను కొండెక్కి ప్రార్థనలో గడిపాడు. వాయిదా పడిన ఏకాంతాన్ని ఆ రాత్రే తిరిగి తీసుకున్నాడు. ప్రేమ కోసం విశ్రాంతి ఆగొచ్చు గానీ అడ్రసు లేకుండా పోకూడదు.

విశ్రాంతి దినం చుట్టూ అల్లుకున్న నియమాల గురించి ఆయన గొడవ కూడా ఇక్కడిదే. యూదుల ధర్మశాస్త్ర బోధల సంకలనమైన మిష్నాలో ఆ రోజు చేయకూడని పనులు 39 రకాలుగా లెక్కగట్టారు. దాన్ని చూసి వాళ్లకు సబ్బాతు ఒట్టి భారమే అనుకోవడం అన్యాయం. విశ్రాంతి దినాన్ని మనోహరమైనది అని పిలవమన్నది వాళ్ల ప్రవక్త యెషయాయే. లూకా 13లో యేసు ఎదిరించింది రోజును కాదు, రోజును చూస్తూ మనిషిని చూడలేకపోవడాన్ని. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని ఆయన బాగుచేస్తే, పని చేయడానికి ఆరు రోజులున్నాయి కదా అన్నాడు సమాజమందిరపు అధికారి. ఎద్దును, గాడిదను ఈ రోజున కట్టు విప్పి నీళ్లకు తోలుకెళ్లడం లేదా అని అడిగాడు యేసు. ఐగుప్తు నుంచి విడుదల పొందినందుకు ఇచ్చిన రోజు అది. ఒక కట్టు విప్పడానికి అంతకన్నా తగిన రోజు ఏముంది?

శనివారమా, ఆదివారమా అన్న వాదన సంఘంలో ఎప్పటి నుంచో ఉంది. తొలి క్రైస్తవులు పునరుత్థానం జరిగిన వారపు మొదటి రోజున కూడుకునేవారు. సెవెంత్ డే అడ్వెంటిస్టులు శనివారాన్నే పాటిస్తారు. ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం రెండింటినీ గౌరవిస్తుంది. రోమా పత్రిక 14వ అధ్యాయం ఎవరి మనసులో వాళ్లను నిశ్చయపరచుకోమంటుంది, అంతకు మించి ఇక్కడ అవసరం లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. క్రీ.శ. 321లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఆదివారం సెలవు శాసనం చేసినప్పుడు రైతులకు మినహాయింపు ఇచ్చాడు, అదును పోతుందని. చక్రవర్తి ఆలోచన మనకు సబబుగానే కనిపిస్తుంది. సరిగ్గా అక్కడే నిర్గమకాండము 34:21 వేరే మాట చెబుతోంది.

సోమరితనం వేరు

ఇదంతా సోమరులకు సాకు అవుతుందేమో అన్న భయం సహజం. 6వ శతాబ్దంలో బెనెడిక్టు అనే క్రైస్తవ సన్యాసి తన మఠాల కోసం రాసిన నియమావళి ఆ భయానికి చక్కని జవాబు. దాని 48వ అధ్యాయం 'సోమరితనం ఆత్మకు శత్రువు' అనే మొదలవుతుంది. కొన్ని వాక్యాల తర్వాత, వేసవిలో మధ్యాహ్న భోజనం అయ్యాక అందరూ తమ పడకల మీద నిశ్శబ్దంగా విశ్రమించాలని, చదువుకోవాలనుకునేవాడు పక్కవాడికి ఇబ్బంది కలగకుండా చదువుకోవాలని ఉంటుంది. సోమరితనాన్ని నిందించిన చేత్తోనే కునుకు కూడా రాసిచ్చాడు. రెండూ ఒకటి కాదని ఆయనకు తెలుసు.

4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే సన్యాసి ఈ తేడాను ఇంకా లోతుగా చూశాడు. మధ్యాహ్నం వేళ సన్యాసిని పట్టుకునే ఒక బద్ధకం గురించి రాశాడు. దాని లక్షణాలు విచిత్రంగా ఉంటాయి. సూర్యుడు కదలనట్టు, రోజు యాభై గంటలున్నట్టు అనిపిస్తుంది. మాటిమాటికీ కిటికీ వైపు చూపు పోతుంది. ఎవరైనా వస్తున్నారా అని బయటికి తొంగి చూస్తాడు, ఈ చోటు కాదు ఇంకో చోటైతే బాగుండు అనిపిస్తుంది. అతను పని చేయడం లేదు, విశ్రాంతిగానూ లేడు. పడుకుని ఫోన్‌లో వేలితో స్క్రీన్ జరుపుతూ గంట గడిపి, లేచేసరికి ముందుకన్నా అలసిపోయిన మనిషికి ఆ సన్యాసి బాగా తెలిసినవాడే.

ఆమోసు ఎనిమిదో అధ్యాయంలోని వ్యాపారులదీ ఇదే స్థితి. విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా, కొట్టు తెరిచి, ధాన్యం కొలిచే తూము చిన్నది చేసి ఎప్పుడు అమ్ముదామా అని ఎదురుచూశారు. కొట్టు మూసే ఉంది, మనసులో బేరం నడుస్తూనే ఉంది.

అందుకే మత్తయి 11లో యేసు ఇచ్చే పిలుపులో కాడి కూడా ఉంది. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును" అన్నది మొదటి మాట. ఆ వెంటనే నా కాడి ఎత్తుకుని నా దగ్గర నేర్చుకోండి, మీ ప్రాణాలకు విశ్రాంతి దొరుకుతుంది అంటాడు. మొదటిది ఆయన ఇచ్చేది, రెండోది ఆయనతో నడుస్తుంటే దొరికేది. కాడి దించేసి ఖాళీగా ఉండమనలేదు. నన్ను నేనే నిరూపించుకోవాలన్న కాడిని దించి, సుళువైన ఇంకో కాడి కింద మెడ పెట్టమన్నాడు.

సిలువ దగ్గర ఉన్న స్త్రీల సంగతి లూకా ఒక్క వాక్యంలో చెప్పి వెళ్లిపోతాడు. శుక్రవారం సాయంత్రం, విశ్రాంతి దినం మొదలవబోతోంది. అరిమతయియ యోసేపు దేహాన్ని హడావుడిగా సమాధిలో పెట్టాడు. సుగంధ ద్రవ్యాలు పూసే పని మిగిలిపోయింది. ప్రేమించిన వ్యక్తికి చేయగలిగిన ఆఖరి పని అది, ఆలస్యమైతే చేయలేని పని కూడా. వాళ్లు ఇంటికెళ్లి ద్రవ్యాలు, తైలాలు సిద్ధం చేసి పెట్టుకుని, "ఆజ్ఞచొప్పున విశ్రాంతి దినమున తీరికగా ఉండిరి." మూతలు పెట్టిన గిన్నెలు గదిలో ఒక మూల ఉన్నాయి. ఆ రోజంతా వాళ్లు ఏడుస్తూనే కూర్చుని ఉంటారు. ఆదివారం తెల్లవారుజామున, ఇంకా మసక చీకటిగా ఉండగానే ఆ గిన్నెలు పట్టుకుని సమాధి దగ్గరికి వెళ్లారు. వాళ్లు మిగిల్చి వచ్చిన పని అక్కడ లేదు. రాయి పక్కకు దొర్లి ఉంది.